రాత్రి ధరను నమ్మొచ్చా?

పామిడి బజార్లో బట్టల దుకాణాలు షట్టర్లు దించే వేళకు న్యూయార్క్‌లో షేర్ల మార్కెట్ మొదలవుతుంది. మన లెక్కలో రాత్రి ఎనిమిదికి, వేసవిలో అయితే ఏడింటికే. ముంబయిలో ఆ రోజు లావాదేవీలు అప్పటికే ముగిసి ఉంటాయి. అలాగని ధరల కదలిక ఆగదు. మన కంపెనీలు కొన్నింటి షేర్లు ఏడీఆర్‌ల రూపంలో అమెరికాలో చేతులు మారుతుంటాయి. అక్కడైతే మార్కెట్ మూశాక కూడా మరో నాలుగు గంటలు బేరాలు నడుస్తాయి.

పొద్దున్నే టీవీ పెడితే వినిపించేవి ఈ అంకెలే. ‘రాత్రి అమెరికాలో మన షేరు పడింది’ అనగానే గుండె జారుతుంది. పిల్ల పెళ్లికి దాచిన సొమ్ము అందులో ఉంటే చెప్పేదేముంది! మరి వెంటనే అమ్మేయాలా?

రెండు రాత్రుల కథ చూడండి.

2008 డిసెంబరు 16. రామలింగరాజు కుటుంబీకులకు చెందిన రెండు మేటాస్ కంపెనీల కోసం 160 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని సత్యం ప్రకటించింది. అప్పటికి మన మార్కెట్ మూసేశారు. ఆ రాత్రి న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ సగానికి పైగా పడిపోయింది. కంపెనీ గంటల్లోనే వెనక్కి తగ్గి ఒప్పందం రద్దు చేసుకుంది. అయినా మర్నాడు ముంబయిలో షేరు 30 శాతం దాకా కూలింది. ఎందుకంటే పోయింది ఒప్పందం కాదు, నమ్మకం. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కలన్నీ తప్పుడువని రాజు ఒప్పుకున్నారు. 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజే 40 రూపాయల దగ్గరకు దిగజారింది. రాత్రి ధర ముందే హెచ్చరించిందన్నమాట.

ఇక రెండోది. 2025 డిసెంబరు 19న న్యూయార్క్‌లో ఇన్ఫోసిస్ ఏడీఆర్ ఉన్నట్టుండి 40 శాతానికి పైగా ఎగిసింది. అక్కడ లావాదేవీలు కాసేపు ఆపాల్సి వచ్చింది. చెప్పాల్సిన ముఖ్య సంగతేమీ లేదని కంపెనీ తేల్చింది. రోజు ముగిసేసరికి పెరిగిందంతా చాలావరకు కరిగిపోయింది. సోమవారం మన మార్కెట్లో షేరు కొద్దిగా పెరిగిందంతే!

తేడా ఎక్కడుంది? మొదటి రాత్రి ధర వెనక కారణం ఉంది. రెండో రాత్రి లేదు.

మన వేరుశనగ రైతుకు ఇది కొత్త విషయమేమీ కాదు. యార్డులో పదిమంది వ్యాపారులు పోటీపడి పాడిన ధర వేరు. పొద్దుగూకాక రోడ్డు పక్కన ఒకే ఒక్కడు రెండు బస్తాలకు చెప్పిన ధర వేరు. మార్కెట్ మూశాక జరిగే బేరాల్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తక్కువ. చిన్న బేరానికే ధర ఎగిరిపడుతుంది.

అందుకే రాత్రి ధర వినగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. కంపెనీ ఏమైనా ప్రకటించిందా? ఎన్ని షేర్లు చేతులు మారాయి? మొదటిదానికి జవాబు ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతుంది.

మరో సంగతి. రాత్రిపూట బ్రోకర్ యాప్‌లో పెట్టే ఆర్డరు వరుసలో నిలబడటమే తప్ప అమ్మకం కాదు. మర్నాడు మార్కెట్ తెరిచాకే దాని వంతు. ధర రాయకుండా పెడితే ఎంతకు తెగుతుందో మీ చేతిలో ఉండదు. ‘ఇంతకు తగ్గితే అమ్మను’ అని ధర వేసి పెట్టడం మేలు.

మబ్బు పట్టిందల్లా వాన కాదని అనంతపురం వాళ్లకు చెప్పాలా? అలాగని కళ్లంలో కాయలు ఆరబోసినవాడు మబ్బును చూడకుండానూ ఉండడు. రాత్రి ధర విషయంలోనూ అంతే!