ద్రాక్ష తొక్కకు రంగు, రుణానికి వేళ

భిలాయి ఉక్కునగరం సెక్టర్ 2లో ఫిబ్రవరి వచ్చిందంటే తోపుడు బండ్లపై మహారాష్ట్ర ద్రాక్ష కనబడుతుంది. ఒక సాయంత్రం బండివాడు రెండు పెట్టెలు విప్పాడు. రెండింటిలోనూ గింజలేని తెల్లద్రాక్షే. కాని రెండవ పెట్టెలోని గుత్తులలో అక్కడక్కడ పండ్లు గులాబి వన్నెకు తిరిగి ఉన్నాయి. దాని ధర తక్కువ. కొనవచ్చిన తెలుగు గృహిణులు ‘పాత సరుకు’ అని దానిని పక్కకు నెట్టారు. అది పాత సరుకు కాదు. నాసిక్ వైపు తోటలలో చలిరాత్రులు వేసిన ముద్ర అది. బండి వద్ద తగ్గిన ఆ ధర చివరకు తేలేది తోట యజమాని రుణఖాతాలోనే. అందుచేతనే ఈ సంగతిని మీ ముందుంచుతున్నాను.

ద్రాక్షకు ఎరుపు, నలుపు రంగులనిచ్చేవి ఆంథోసయనిన్లనే వర్ణద్రవ్యాలు. చాలా రకాలలో ఇవి తొక్కలోని పైపొరలకే పరిమితం. లోపలి గుజ్జుకు రంగుండదు. కాయ మెత్తబడి తీపి పట్టడం ఆరంభించిన నాటినుంచి ఇవి తయారవుతాయి. వీటి తయారీకి చక్కెర కావాలి, కొంత వెలుతురు కావాలి, అన్నిటికంటె మించి మితమైన వేడి కావాలి. ఉక్కు కరిగించే ఈ ఊరిలో లోహపు వన్నె చూసి దాని వేడిని అంచనా కట్టగలవారున్నారు. ద్రాక్ష విషయంలోనూ రంగు వేడి జాడే. అయితే ఇక్కడ వేడి పెరిగిన కొద్దీ రంగు వెలిసిపోతుంది.

జపాన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన ఒక పరిశోధనలో కాబర్నే సావిన్యాన్ అనే నల్లద్రాక్షను 25 డిగ్రీల వద్ద కొంత, 35 డిగ్రీల వద్ద కొంత పండించి చూశారు. ఎక్కువ వేడిలో పండినదానిలో వర్ణద్రవ్యం సగానికంటె తక్కువే మిగిలింది. కొత్త రంగు తయారీ మందగించడమే కాక, తయారైన రంగు కూడా విరిగిపోయిందని వారు తేల్చారు.

మరి వెలుతురు మాటేమిటి? గుత్తికి ఎండ తగిలితే రంగు వస్తుందన్న నమ్మకంతో ఆకులన్నీ దూసివేసే రైతులున్నారు. ఇది సగం నిజం మాత్రమే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మెర్లో ద్రాక్షపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అక్కడ ఎండలోని గుత్తులకు చల్లగాలి కొట్టించారు, నీడలోని గుత్తులను వేడిచేశారు. ఆ విధంగా వెలుతురును, వేడిని విడదీసి చూడగా, ఎండలో ఉండి చల్లబడిన గుత్తులకు రంగు హెచ్చింది. అంటే గుత్తికి వెలుతురు మేలే చేస్తుంది, దానితో వచ్చే మాడు కీడు చేస్తుంది. సూటిగా ఎండ పడిన పండు చుట్టూ ఉన్న గాలికంటె పది డిగ్రీలు అధికంగా వేడెక్కగలదు. కనుక ఉదయపు ఎండ పడే వైపు ఆకు కొంత పలుచన చేయండి. పడమటి వైపు ఆకు జోలికి పోకండి.

ఇక మన తెలంగాణ తోటల సంగతి. హైదరాబాదు పరిసరాలకు పేరు తెచ్చిన అనాబేషాహి తెల్లరకం. దానికి ఈ చిక్కు లేదు. శరద్ సీడ్‌లెస్, ఫ్లేమ్ సీడ్‌లెస్ వంటి రంగు రకాలు వేసినవారికే ఇది ప్రాణసంకటం. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగ కత్తిరిస్తాం. పంట అక్టోబరు కత్తిరింపుదే. సకాలంలో కత్తిరిస్తే సుమారు మూడు నెలలకు, అనగా జనవరిలో, కాయ రంగు తిరుగుతుంది. అప్పుడు హైదరాబాదులో పగలు 29 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. రంగుకు అంతకంటె అనువైన వేళ మనకు లేదు. కత్తిరింపు నవంబరు ఆఖరుకో డిసెంబరుకో జరిగితే కాయ మార్చి, ఏప్రిల్ ఎండల పాలవుతుంది. గుత్తిలో సగం ఎర్రన, సగం పచ్చన.

కత్తిరింపు ఎందుకు ఆలస్యమవుతుంది? వానలు ఒక కారణం. తడిలో చిగురు వేయిస్తే బూజు తెగులు పట్టుకుంటుంది, కనుక తొందరపాటూ పనికిరాదు. రెండవ కారణం చేతిలో డబ్బు లేకపోవడం. కూలీలకు, మొగ్గ పగలడానికి పూసే మందుకు, ఎరువుకు రొక్కం ఒక్కసారిగా కావాలి. రుణం నెల ఆలస్యమైతే ఆ నెల ద్రాక్ష తొక్కపై కనబడుతుందని నా అభిప్రాయం. తోట రుణాన్ని పరిశీలించే అధికారి భూమి పత్రాలతో పాటు కత్తిరింపు తేదీని కూడా అడగాలి, ఆ తేదీకి ముందే సొమ్ము చేర్చాలి. రైతు కూడా దరఖాస్తును దసరా దాకా వాయిదా వేయరాదు.

డీలరు మిత్రులకు ఒక మాట. రంగు కోసం మీరమ్మే ఎథెఫాన్, అబ్సిసిక్ ఆమ్లం పనిచేసేవే. కాని ఎథెఫాన్‌తో పండు మెత్తబడవచ్చు, ఎగుమతి సరుకులో దాని అవశేషానికి పరిమితులున్నాయి. పైగా మోయలేనన్ని గుత్తులు వదిలిన తీగ అన్నింటికీ చక్కెర అందించలేదు; ఆ చెట్టుపై ఏ మందు చల్లినా ఫలితం అంతంతమాత్రమే. గుత్తుల లెక్క అడగకుండా మందు అరువివ్వడం మీకూ నష్టమే. రంగు రాని సరుకు అమ్మిన రైతు బాకీ ఏ డబ్బుతో తీరుస్తాడు?

నాసిక్‌లో కథ తిరగబడింది. అక్కడ తెల్లద్రాక్ష పండే వేళకు రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగి, పగలు బాగా వేడెక్కితే, రంగు అక్కరలేని పండుకు గులాబి వన్నె వస్తుంది. ఎగుమతిదారులు దానిని ఏరివేస్తారు. అందుకే అక్కడి రైతులు రంగు తిరగకముందే గుత్తులకు పాత వార్తాపత్రికలు చుట్టి వెలుతురును తగ్గిస్తారు. కాగితానికి, కూలీకి అయ్యే ఖర్చును వారు సాగు అంచనాలోనే చేర్చుకుంటున్నారు. సెక్టర్ 2 బండి మీదికి వచ్చిన రెండవ పెట్టె, బహుశా, కాగితం చుట్టని తోటది.