మేడమ్‌కి ఇది చాలు

"మేడమ్ వాడకానికి ఇది చాలు సార్!" అన్నాడు షాపులో కుర్రాడు, మా వారి వంక చూస్తూ. అప్పటికి నేనింకా నోరు విప్పనే లేదు. నా వాడకమేమిటో ఆ అబ్బాయికెలా తెలిసిందో, మా వారు "అవునవును" అని తలెలా ఊపారో నాకిప్పటికీ అంతుబట్టదు. పద్దెనిమిది వేలకి పదకొండంగుళాల లాప్‌టాప్ ఒకటి ఇంటికొచ్చింది.

ఆడదానికి ఎంత చాలో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. అడుగంటిన కూర చాలు, హాల్లోంచి తీసేసిన పాత ఫ్యాను చాలు, అబ్బాయి వాడి వదిలేసిన ఫోను చాలు. ఇప్పుడా జాబితాలోకి లాప్‌టాప్ కూడా చేరింది.

ఆర్నెల్లు తిరక్కుండా ఆ పెట్టె మొరాయించింది. స్విచ్చి వేసి వెళ్ళి, డికాక్షన్ దిగాక వస్తే అప్పుడు కళ్ళు తెరిచేది. ఆఖరికి తన అప్‌డేట్లకి తనలోనే చోటు లేదని చేతులెత్తేసింది. "చూశావా, నీకు ఫోనే నయం!" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేశారు. ఎంచింది వాళ్ళు, శిక్ష నాకు!

చిన్నది కొనడం తప్పని నేననను. నన్నడక్కుండా కొనడం తప్పంటాను. నిజానికి నాకు చిన్నదే కావాలి. మా ఇంట్లో మా వారికో బల్ల ఉంది, అబ్బాయికో బల్ల ఉంది. నాకున్నది భోజనాల బల్ల, అదీ రెండు పూటల మధ్యన. అందుకని నా యంత్రం వంటింటి గట్టు మీదికీ, మంచం మీదికీ, మా అమ్మ వాళ్ళ ఊరికీ నాతో రావాలి. కిలో, కిలోంబావు బరువైతే చేతిసంచీలో పడుతుంది. "కొంటే పెద్దదే కొనమ్మా" అంటాడు మా అబ్బాయి. వాడి ఆటలకి తగిన అరవై వేల యంత్రం నాకెందుకు? ఇద్దరికి వంటంటే పెళ్ళిగుండిగ ఎక్కించినట్టుంటుంది.

అలాగని మరీ బుల్లిదీ పనికిరాదు. 2007లో ఆసుస్ కంపెనీ 'ఈ పీసీ' అనే పేరుతో ఏడంగుళాల తెర ఉన్నదొకటి తెచ్చింది. కిలో బరువు కూడా లేదు. చవక కదా అని జనం మోజుపడి కొన్నారు. తెరే ఏడంగుళాలైతే మీటలెంతుంటాయో మీరే ఊహించుకోండి! తరవాత టాబ్లెట్లు వచ్చాక ఆ జాతే కనుమరుగైంది.

ఇక చవక సంగతి. ర్యామంటే వంటింటి గట్టనుకోండి, స్టోరేజీ అటక. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ వారి నిబంధన. నాకంటగట్టిన పెట్టెలో సరిగ్గా అంతే ఉంది. కనీసం అంటే స్విచ్చి వేస్తే వెలుగుతుందని. పని సాగుతుందని కాదు. పైగా ఈ చవక రకాల్లో చాలావాటికి ఆ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. తరవాత పెంచుకుందామంటే కుదరదు. నాబోటిదానికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే హాయి. క్రోమ్‌బుక్ అయితే అంతకంటే తక్కువతోనూ నెట్టుకొస్తుంది గాని, దానికి అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటుంటుంది. మందుసీసా మీద చూసినట్టు ఆ తేదీ చూసి మరీ కొనాలి.

"అన్నీ ఫోనులోనే అవుతున్నాయిగా!" అనేవారికి నాదొక్కటే మనవి. నలభై ఇళ్ళ అపార్టుమెంటు లెక్కలు ఫోనులో వేసి చూడండి. ఇన్‌కంటాక్సు రిటర్ను బొటనవేలితో నింపి చూడండి. పది పేజీల కథ రాసి చూడండి. అయిదో పేజీలో ఆడబిడ్డ ఫోను చేస్తుంది. సీరియళ్ళు చూసుకుని, మనవడితో వీడియోలో మాట్లాడితే చాలనుకునేవారు నిక్షేపంగా ఫోనుతోనే ఉండండి. పక్కింటావిడ కొందని మాత్రం కొనకండి.

మిగిలినవాళ్ళు ఓ వారం రోజులు, చాకలిపద్దు రాసినట్టు, మీకు దేనికి కావలసివచ్చిందో కాగితమ్మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని షాపుకి మీరే వెళ్ళండి. తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంటుంది, పెట్టించుకుని పది లైన్లు కొట్టి చూడండి. వేళ్ళు ఇరుకున పడుతున్నాయా? అక్షరాలు కళ్ళకి ఆనుతున్నాయా? అయిదారు సైట్లు ఒకేసారి తెరిస్తే ఆయాసపడుతోందా? కుర్రాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. యాభై చీరలు దింపించి ఉత్తచేతులతో లేచొచ్చిన వాళ్ళం, ఇక్కడ మొహమాటమెందుకు?

నేనలాగే వెళ్ళాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో మళ్ళీ చిన్నదే కొన్నాను, నా కాగితం ప్రకారం. రెండేళ్ళయింది, ఒక్క రోజు మొరాయించలేదు.

మొన్న మా వారి కంప్యూటర్ చెడింది. "ఏమోయ్, నీ లాప్‌టాప్ ఓ గంట ఇస్తావా?" అన్నారు.

"మీ వాడకానికి ఫోను చాలదుటండీ?" అన్నాను.

ఇచ్చాననుకోండి. పాస్‌వర్డు మాత్రం చెప్పలేదు.