కారు కూర్చుండిపోయింది.. కంప్రెసర్ మార్చితే లేస్తుందా?

పదేళ్లు దాటిన జర్మన్ సెవెన్ సీటర్ ఇప్పుడు హైదరాబాద్‌లో కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ ధరకే వచ్చేస్తోంది. లెదర్ సీట్లు, పెద్ద సన్‌రూఫ్, గేర్ పక్కన ఒక చిన్న బటన్. నొక్కితే బండి మొత్తం రెండంగుళాలు పైకి లేస్తుంది, ఇంకోసారి నొక్కితే కిందికి వంగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లల్ని పోగేయడానికి అది చాలు. ఆ బటన్ వెనక ఏముందో మాత్రం అమ్మేవాడు చెప్పడు. బండి కింద ఓ మూల దాక్కుని గుర్రుమనే ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ అది. ఈ వారం కథ దానిదే.

ముందు బేసిక్స్. మామూలు కారులో బాడీ బరువుని ఉక్కు స్ప్రింగులు మోస్తాయి. ఈ కార్లలో వాటి స్థానంలో గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. గరుడ వోల్వోలో విజయవాడ వెళ్లినవాళ్లకి ఇది కొత్త సుఖమేం కాదు. ఆ బస్సు తేలేది కూడా గాలి సంచుల మీదే, అందుకే సూర్యాపేట దాటినా నిద్ర చెడదు. కాకపోతే బస్సులో గాలి కొట్టే కంప్రెసర్‌ని ఇంజినే తిప్పుతుంది. బ్రేకులకీ గాలే కావాలి కాబట్టి అది గట్టి పిండం. కారులో ఉండేది 12 వోల్టుల మోటారు, ఒక బుల్లి పిస్టన్. మన టైర్లలో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటే, ఇది సంచుల్లోకి దానికి ఎన్నో రెట్లు ప్రెజర్‌తో కొట్టాలి. కాసేపు తిరిగి, ఆగి, చల్లారి, మళ్లీ తిరగడానికి చేసిన మెషీన్. గంటల తరబడి తిరగడానికి కాదు.

ఇక మా బాబాయ్ బండి సంగతి. పొద్దున్నే సెల్లార్‌లో చూస్తే ముందు ఎడమవైపు వంగి ఉండేది, ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ మనిషిలా. స్టార్ట్ చేస్తే గుర్రుమని శబ్దం, నిమిషంలో లేచేది. బాబాయ్ దాన్ని ‘వార్మప్’ అనుకున్నాడు. కొన్నాళ్లకి ఆ నిమిషం నాలుగు నిమిషాలైంది. ఆ తర్వాత డాష్‌బోర్డ్ మీద పసుపు రంగు హెచ్చరిక, ఒకరోజు మియాపూర్ సిగ్నల్ దగ్గర ఎరుపు రంగులో ‘ఆపండి’ అని మెసేజ్. టైరు ఫెండర్‌కి రాసుకుంటుంటే పది కిలోమీటర్ల స్పీడులో ఇంటికి తెచ్చాడు.

సర్వీస్ సెంటర్ వాళ్లు (పేరు వద్దులెండి) ల్యాప్‌టాప్ తగిలించి చూశారు. కంప్రెసర్ ఓవర్‌హీట్ అయిందని కోడ్ వచ్చింది. “కంప్రెసర్ పోయింది సార్, మార్చాలి, లక్షన్నర” అన్నారు. కోడ్ అబద్ధం చెప్పలేదు, కంప్రెసర్ నిజంగానే పోయింది. కానీ ఎందుకు పోయిందో కోడ్ చెప్పదు. మా ఫీల్డ్‌లో మెమరీ లీక్ ఉన్న సర్వర్‌కి ర్యామ్ పెంచి టికెట్ క్లోజ్ చేసే మహానుభావులు ఉంటారు. రెండు వారాల తర్వాత అదే టికెట్ మళ్లీ ఓపెన్. ఇదీ ఆ బాపతే.

కూకట్‌పల్లి వైపు ఒక షెడ్డులో మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్తే ఆయన ల్యాప్‌టాప్ అడగలేదు, టేపు అడిగాడు. బండిని లెవెల్‌కి లేపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి, చాక్‌పీస్‌తో గోడ మీద రాసుకున్నాడు. “పొద్దున రాండి సార్” అన్నాడు. పొద్దున వెళ్తే మూడు మూలలు మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాతో అలాగే ఉన్నాయి. ముందు ఎడమ ఒక్కటే 60 మిల్లీమీటర్లు దిగింది.

ఈ ఒక్క పరీక్షలో చాలా తేలిపోతుంది. ఒకే మూల దిగితే ఆ మూల సంచినో, దాని పైపు జాయింటునో అనుమానించాలి. ఒకే వైపున్న రెండు చక్రాలో, రెండు ముందువో కలిసి దిగితే గాలిని పంచే వాల్వ్ బ్లాక్ వైపు చూడాలి. బండి రాత్రంతా కదలకుండా నిలబడి, పొద్దున పైకి లేవలేకపోతే అప్పుడు కంప్రెసర్, దాని ఫ్యూజు, రిలే. తర్వాత సర్ఫ్ నీళ్లు స్ప్రే చేశారు. సంచి కింద రబ్బరు మడతపడే చోట చిన్న చిన్న బుడగలు. వయసైపోయిన రబ్బరు పగిలేది సాధారణంగా ఆ మడతలోనే. బండి ఒక ఎత్తులో ఉన్నప్పుడు పగులు మూసుకుపోతుంది, ఇంకో ఎత్తులో తెరుచుకుంటుంది. అందుకే బండిని లేపీ దించీ రెండుసార్లు చూడాలి.

అసలు హత్య జరిగిన తీరు ఇది. సంచి లీకవుతుంది. ఎత్తు తగ్గిందని సెన్సర్ చెబుతుంది. కంప్యూటర్ కంప్రెసర్‌ని ఆన్ చేస్తుంది. గంటకోసారి, తర్వాత అరగంటకోసారి. పిస్టన్ రింగు అరిగిపోయి గాలి కొట్టడం నెమ్మదిస్తుంది, కాబట్టి ఇంకాసేపు తిరగాలి, కాబట్టి ఇంకా వేడెక్కుతుంది. దీనికి తోడు ఎవరూ పట్టించుకోని ఇంకో పార్టు ఉంది, డ్రయర్. కొత్త షూ డబ్బాలో చిన్న పొట్లం వస్తుంది చూడండి, సిలికా జెల్, అలాంటి గుళికలే ఇందులోనూ ఉంటాయి. లోపలికి వెళ్లే గాలిలో తేమని పీల్చుకుంటాయి. బండి కిందికి దిగేటప్పుడు ఎండిన గాలి మళ్లీ డ్రయర్ గుండానే బయటికి వెళ్తూ ఆ తేమని పట్టుకుపోతుంది. లీకు ఉంటే? గాలి తిరుగుదారిలో రాదు, చిల్లు గుండా పోతుంది. గుళికలు ఆరే అవకాశమే లేదు. వానాకాలంలో ఇక చెప్పక్కర్లేదు. తేమ వాల్వ్ బ్లాక్‌లోకి చేరి తుప్పు మొదలవుతుంది. అంటే మొదట్లో ఒక రబ్బరు సంచితో పోయేది, ఆలస్యం చేసేకొద్దీ మూడు పార్టులకి పాకుతుంది.

మొత్తం లెక్క విన్నాక పిన్ని ఒకటే మాట, “అమ్మేయండి, ఈ ఏనుగుని మనం మేపలేం.” ఆమె మాటలో తప్పేం లేదు. వేరే దారి కూడా ఉంది. గాలి సంచులు పీకేసి ఉక్కు స్ప్రింగుల కిట్ వేయించడం. దీన్ని పాపంలా చూసేవాళ్లున్నారు గానీ నేను చూడను. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ ఎయిర్ సస్పెన్షన్‌తో వచ్చినప్పుడే, లీకులతో విసిగిపోయి స్ప్రింగులు వేయించుకున్న ఓనర్లు బోలెడుమంది. అమెరికా కోటీశ్వరులకి లేని సిగ్గు మనకెందుకు? హెచ్చరిక లైటుని ఆపే ఏర్పాటు సరిగా చేయించి, బండికి సరిపడే స్ప్రింగులు వేయిస్తే పాత కారుకి అది మంచి నిర్ణయమే.

కానీ బాబాయ్ ఒప్పుకోలేదు. నానమ్మకి తుంటి ఆపరేషన్ అయింది. మామూలు ఎస్‌యూవీ ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఈ బండిని బటన్ నొక్కి దించితే తనంతట తానే సీట్లో కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుంటుంది. “ఆ బటన్ కోసమే కొన్నాన్రా దీన్ని” అన్నాడు. ఇక వాదించడానికేముంది? ముందు సంచి, కంప్రెసర్, రిలే మూడూ ఆర్డర్ పెట్టాం. అసలు కంపెనీకి కంప్రెసర్ తయారుచేసి ఇచ్చేవాళ్ల పార్టే బ్రాండ్ డబ్బా లేకుండా కొంటే చాలా తక్కువకి దొరికింది. ఊరూపేరూ లేని చవక పార్టు జోలికి మాత్రం పోలేదు.

పని రోజున జరిగింది మీరు తప్పకుండా గుర్తుంచుకోవాలి. బండి ఇంకా గాలి మీదే ఉంది. షెడ్డులో పనిచేసే కుర్రాడు సంచి చూద్దామని టైరుకీ ఫెండర్‌కీ మధ్య చెయ్యి పెట్టబోయాడు. మెకానిక్ అన్న పెట్టిన కేక పక్క షెడ్డు దాకా వినబడింది, “చెయ్యి తీయ్‌రా!” రెండు టన్నుల పైన బరువున్న బాడీ అది. పైపు ఊడినా, కంప్యూటర్ తనంతట తాను ఎత్తు సరిచేసుకోబోయినా, ఆ సందు క్షణంలో మూసుకుపోతుంది. ఇంజిన్ ఆపినంత మాత్రాన ఈ సిస్టమ్ నిద్రపోదు. అందుకే ముందు మెనూలో జాక్ మోడ్ పెట్టాలి. బాడీ కింద స్టాండ్లు వేయాలి. స్కానర్‌తో లైన్‌లో ప్రెజర్ దించాలి. బ్యాటరీ తీయాలి. ఆ తర్వాతే స్పానర్. యూట్యూబ్ వీడియో చూసి సెల్లార్‌లో ఒక్క జాక్ మీద చేసే పని కాదిది.

అసలు మార్చడం పెద్ద కథ కాదు. కింది ప్లాస్టిక్ షీటు తీస్తే రబ్బరు బుష్షుల మీద వేలాడుతూ కంప్రెసర్ కనిపిస్తుంది. ఆ బుష్షులు అరిగితే శబ్దం క్యాబిన్‌లోకి వస్తుంది కాబట్టి అవీ కొత్తవే. నైలాన్ పైపు చివర గీతలు పడుంటే కాస్త తిన్నగా కోసి కొత్త ఫిట్టింగ్ వేయాలి. గాలి పీల్చే ఫిల్టర్ మార్చాలి. బిగించాక ఒక మెలిక ఉంది. ఖాళీ సంచుల మీద బండిని దించకూడదు. రబ్బరు అడ్డదిడ్డంగా మడతపడి కొత్త సంచే చిరుగుతుంది. స్టాండ్ల మీద ఉండగానే స్కానర్‌తో కాస్త గాలి నింపి, అప్పుడు దించారు. చివర్లో కోడ్స్ చెరిపి, నాలుగు మూలలా ఎత్తు కొలిచి క్యాలిబ్రేషన్.

మరి రిలే ఎందుకు మార్చినట్టు? మొత్తం బిల్లులో అన్నిటికన్నా చవకైనది అదే. కంప్రెసర్ వేలసార్లు ఆన్ అయితే రిలే కూడా అన్నిసార్లు కొట్టుకుంటుంది. దాని కాంటాక్టులు కాలి అతుక్కుపోతే, తాళం తీసి ఇంటికొచ్చాక కూడా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. పొద్దునకి బ్యాటరీ డౌన్, కొత్త కంప్రెసర్ బూడిద. కంప్రెసర్ అమ్మేవాళ్లలో చాలామంది రిలే కూడా మార్చిన బిల్లు లేకపోతే వారంటీ ఇవ్వరు. కాబట్టి ఆ బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. మా బాబాయ్ అయితే దాన్ని ఆర్సీతో పాటు డాష్‌బోర్డులో పెట్టుకున్నాడు.