పెంపుడు కుక్క ఖర్చు: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు?

పిల్లలు ముచ్చటపడ్డారని కుక్కపిల్లను తెచ్చుకుంటాం. దానికి జబ్బు చేస్తే ఖర్చు చూసి వెనకాడతాం. డబ్బు ఆదా చేయడం తప్పు కాదు. ఎక్కడ ఆదా చేస్తున్నామన్నదే ముఖ్యం.

ముందు ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. అది గేదెలకు, గొర్రెలకే కాదు, కుక్కలకూ పిల్లులకూ కూడా. ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక బాలుడికి ఈ టీకా ఇచ్చారు. మందులు బయట కొనాల్సి వస్తే, అదే మందు తక్కువ ధరలో ఉందేమో డాక్టరును అడగండి.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించాలి, తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టర్, ఆపై ఏటా. దీన్ని వాయిదా వేయడం పొదుపు కాదు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కతో ఆడుకునేది మన పిల్లలే. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

టీకా తేదీని ఈ రోజే మీ పిల్లల స్కూల్ డైరీలో రాయించండి. మీరు మరిచినా వాళ్లు గుర్తు చేస్తారు.