ఆట ఆపేసినోడికీ ఆటలో పనుంది, చెప్పే మనిషే లేడు

2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయి. 2025 నవంబర్‌లో గ్లాస్గోలో ఆ సంగతి ఖాయమైపోయింది. అంతకుముందు జులైలోనే కేంద్రం ఖేలో భారత్ నీతి అని కొత్త క్రీడా విధానం తెచ్చింది. 2036 ఒలింపిక్స్ కూడా మనకే కావాలంటంది. అంతా బానే ఉందండీ. మరి అంత పెద్ద జాతరలో మన యానాం కుర్రోళ్ళకి పనేటి? టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టడమేనా?

మనూళ్ళో ఏ కుర్రోణ్ణన్నా అడిగి చూడండి, ఆటల్లో బతుకుతెరువు ఏటుంటదిరా అని. రెండే చెప్తాడు. పెద్ద ప్లేయరవ్వాలి, లేదంటే పీఈటీ పోస్టు కొట్టాలి. ఆ రెండూ తగల్లేదా, ఇరవై రెండేళ్ళకి బూట్లు అటకెక్కించేసి, కాకినాడలో ఏదో షాపులో చేరిపోతాడు. పదేళ్ళు గ్రౌండ్లో నేర్చుకున్నదంతా గోదాట్లో కలిసిపోయినట్టే.

మరి నిజంగా ఆ రెండు పనులేనా ఉన్నది? 2023 ఫిబ్రవరిలో కాకినాడలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు జరిగాయి. మనకి కూతవేటు దూరం. ఎళ్ళినోళ్ళంతా బంతినే చూశారు. అలాంటి పోటీలో బంతి చుట్టూ ఎంతమంది పనిచేస్తారో లెక్కేశారా? గ్రౌండ్లో ఇద్దరు అంపైర్లు. పక్కన బల్ల దగ్గర టైమూ, స్కోరూ చూసే టెక్నికల్ అధికారులు. కాలు బెణికితే పరిగెత్తే ఫిజియోలు. టర్ఫ్ తడిపేవోళ్ళు, కెమెరా పట్టుకున్నోళ్ళు, జట్లకి బస, బస్సులు, భోజనాలు చూసే మేనేజర్లు. వీళ్ళెవరూ గోల్ కొట్టరు. కానీ వీళ్ళు లేకపోతే ఆటే లేదు. ఇక ఐపీఎల్, ప్రో కబడ్డీ తెలుగు కామెంటరీతో వస్తన్నాయంటే, దాని వెనక తెలుగు రాసేవోళ్ళూ, అంకెలు తీసేవోళ్ళూ కావాలి కదండీ.

ఈ పనులు దాచిపెట్టినవేం కాదు. తెలిసిన మనిషి పక్కనుంటే తెలుస్తాయి, లేకపోతే లేదు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలోకి ఎళ్తే అమలాపురం. సాత్విక్ సాయిరాజ్ ఊరు. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ప్రపంచ నంబర్ వన్ అయినోడు. అతని కష్టం గురించి అందరం చెప్పుకుంటాం. అతని నాన్నగారు పీఈటీ అని, రాష్ట్ర స్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినాయనని మాత్రం దాటేస్తాం. ఏ వయసులో ఎక్కడికి పంపాలో తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడండీ. 2014లో పిల్లోడు హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి ఎళ్ళాడు. కష్టపడే పిల్లలు మనకీ ఉన్నారు. దారి తెలిసిన నాన్న అందరికీ ఉండడు.

ఇంకో మనిషి, రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్.లక్ష్మి గారు. క్రికెట్ ఆడారు, రైల్వేలో ఉద్యోగం చేశారు. 2008-09లో దేశంలో జరిగే మహిళల మ్యాచ్‌లకి రెఫరీగా మొదలెట్టారు. 2019లో ఐసీసీ రెఫరీల ప్యానెల్లోకి ఎళ్ళిన మొదటి మహిళ ఆవిడే. ఆడటం ఆపేశాక మొదలైన ప్రయాణం అది. ఆ ఏడాదే మగాళ్ళ వన్డే మ్యాచ్‌కి కూడా రెఫరీగా నిలబడ్డారు. మన కాలేజీల్లో ఎంతమంది ఆడపిల్లలకి ఆవిడ పేరు తెలుసు?

ఆలస్యంగా తెలిస్తే ఏటవుద్దో చూడండి. ఫిజియో అవ్వాలంటే బీపీటీ చదవాలి. దానికి మామూలుగా ఇంటర్‌లో బైపీసీ కావాలి. ఎంపీసీలో చేరి రెండేళ్ళయ్యాక ఈ ముక్క తెలిస్తే ఏం లాభం? పదో తరగతిలో ఒక్క ఫిజియోతో పది నిమిషాలు మాట్లాడుంటే సరిపోయేది.

యానానికి ఇంకో చిక్కుంది. చుట్టూ ఆంధ్రా, పాలన మాత్రం 800 కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరిది. దీన్ని శాపమనుకునేవోళ్ళే ఎక్కువ. కానీ అటేపూ తలుపులున్నాయి. 2018-19 నుంచి పుదుచ్చేరి జట్టు రంజీ ఆడతంది. అంటే స్కోరర్లు, అంపైర్లు, ట్రైనర్లు అక్కడా కావాలి. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగముంది. ఇటు చూస్తే కాకినాడ, రాజమండ్రి, విశాఖ పక్కనే. రెండేపులా అడిగే వీలున్నోళ్ళం ఒక్కేపు కూడా అడగట్లేదు.

అడగటం ఎలాగంటారా? ముందు మీ పీఈటీ సారుతో మొదలెట్టండి. ఆయనతో చదువుకున్నోళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. ఊళ్ళో టోర్నమెంట్ అయితే, ఆట అయిపోగానే ఇంటికి పోకుండా అంపైర్ గారితో మాట కలపండి. లింక్డిన్‌లో, ఇన్‌స్టాలో ఈ పనులు చేసే తెలుగోళ్ళు కనపడతారు. "సార్, జాబ్ ఇప్పించండి" అని మాత్రం పెట్టకండి. ఆ మెసేజ్‌కి ఎవరూ పలకరు. మీరెవరో, ఏ ఊరో, ఏం ఆడతారో రెండు ముక్కల్లో చెప్పి మూడే అడగండి. మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు? ఏ పరీక్ష, ఏ కోర్సు కావాలి? మొదట్లో జీతమెంత? పది మందికి పెడితే ఇద్దరు పలుకుతారు. ఆ ఇద్దరు చాలు. ఆళ్ళు చెప్పింది చేసి, చేశానండీ అని మళ్ళీ ఒక మెసేజ్ పెట్టండి. పరిచయం నిలబడేది ఆ రెండో మెసేజ్‌తోనే.

ఓ మాట ముందే చెప్పుకోవాలి. ఈ పనుల్లో మొదట్లో డబ్బులు తక్కువ, సీజన్ లేనప్పుడు ఖాళీ. అందుకే జీతం సంగతి మొహమాటపడకుండా అడగమంటన్నాను. సెలక్షన్ ఇప్పిస్తా, పోస్టు ఇప్పిస్తా అని డబ్బులడిగేవోడు కనపడితే అక్కణ్ణుంచే దణ్ణం పెట్టి వచ్చేయండి. దారి చెప్పేవోడు డబ్బులడగడు. ఆడపిల్లలు ఒంటరిగా కలవక్కర్లేదు. నలుగురు కలిసి, టీచరమ్మతో ఎళ్ళండి, లేదా కాలేజీలోనే ఫోన్లో మాట్లాడండి.

ఇదంతా పిల్లల నెత్తినే పెట్టేస్తే అన్యాయం. సిటీ కాలేజీల్లో పాత విద్యార్థులే వచ్చి దారి చెప్తారు. మన కాలేజీ, మన విద్యాశాఖ ఏడాదికి నాలుగు సాయంత్రాలు కేటాయించలేవా? ఒక అంపైర్, ఒక ఫిజియో, ఒక కోచ్, ఒక కామెంటేటర్. రాలేకపోతే వీడియో కాల్. దీనికి బడ్జెట్టూ అక్కర్లేదు, పుదుచ్చేరి నుంచి ఫైలూ రానక్కర్లేదు.

ఇప్పుడు పదో తరగతి చదివేవోడికి 2030కి ఇరవై ఏళ్ళు వస్తాయి. అహ్మదాబాద్‌లో ఆడేవోళ్ళు మనోళ్ళు ఉంటారో లేదో చెప్పలేం. మెళ్ళో పని కార్డు వేసుకుని గ్రౌండ్ పక్కన నిలబడేవోళ్ళలో మాత్రం ఓ యానాం పేరుండొచ్చు. అది ఈ వారం మీరు ఎవరికి ఫోన్ చేస్తారో దాన్నిబట్టే ఉంటుందండీ.