డాల్ఫిన్ల లెక్కకు వలంటీర్లు కావాలట.. సంచి సర్దుకునే ముందు!

2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఓ తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని వార్తలొచ్చాయి. చుట్టుపక్కల జనం చూడ్డానికి కదిలారు, ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. కానీ ఇలాంటి సమయంలో పరిశోధకులకు కావాల్సింది వేరు. పొడవెంత? ఆడదా, మగదా? ఒంటిమీద వల కోసిన గుర్తులున్నాయా? ఎంతవరకు కుళ్లింది? ఈ వివరాలు అక్కడికక్కడే కొలిచి రాసుకునే మనిషి కావాలి. మన తీరంలో అలాంటివాళ్లు చాలా తక్కువ.

ఆ పని నేర్పిస్తామంటూ ‘వలంటీర్ రీసెర్చ్ అసిస్టెంట్’ పేరుతో పిలుపులు వస్తుంటాయి. డాల్ఫిన్లు, తిమింగలాలు, సముద్రపు ఆవులు (డుగాంగ్‌లు).. వీటిపై ఫీల్డ్ వర్క్. జువాలజీ, ఫిషరీస్, మెరైన్ బయాలజీ చదివిన మీకు నోరూరే మాటే. చివర్లో ‘స్టైపెండ్ లేదు’ అన్న ముక్క చూసేసరికి గుండె జారుతుంది. వెళ్లాలా, వద్దా? వెళ్లొచ్చు. కానీ లెక్క చూసుకుని వెళ్లాలి.

ముందు ఈ రంగానికి ఇప్పుడెందుకు గిరాకీ వచ్చిందో తెలుసుకోండి. మనం వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చిన 1972లోనే అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం చేసింది. దాని కింద 2016లో ఓ నిబంధన పెట్టింది. తమకు చేపలు అమ్మే దేశాలు, ఆ చేపల వేటలో డాల్ఫిన్ల వంటివి ఎన్ని వలల్లో చిక్కి చస్తున్నాయో లెక్క చూపాలి, తమ ప్రమాణాలకు తగ్గ జాగ్రత్తలు పాటించాలి. పలుమార్లు వాయిదా పడి 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మన రొయ్యలు ఎక్కువగా చెరువుల్లో పెంచినవే కాబట్టి దీని సెగ ముఖ్యంగా సముద్రంలో పట్టే సరుకుకు. అయితే లెక్క చూపాలంటే ముందు లెక్కంటూ ఉండాలి కదా! కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కలిసి సముద్ర క్షీరదాల సర్వేలు చేపట్టింది అందుకే. ఈ రెండింటికీ విశాఖపట్నంలో కేంద్రాలున్నాయి. 2020లో కేంద్రం ప్రకటించిన ప్రాజెక్ట్ డాల్ఫిన్, 2022లో తమిళనాడు పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లలో నోటిఫై చేసిన డుగాంగ్ సంరక్షణ ప్రాంతం.. ఇవన్నీ మనుషుల్ని అడిగేవే.

మరి పని ఎలా ఉంటుంది? డాల్ఫిన్‌తో సెల్ఫీ అనుకుంటే పొరబాటే. తెల్లారకముందే పడవెక్కాలి. ముందే గీసుకున్న దారిలో ఒకే వేగంతో వెళ్తూ, మీ వైపు నీటిని కన్నార్పకుండా చూడాలి. గాలి ఎంత, అల ఎంత, నీళ్లెంత మురికి.. కాసేపటికోసారి రాస్తూ ఉండాలి. నాలుగు గంటలు తిరిగినా ఒక్క వీపురెక్కా కనబడకపోవచ్చు. అప్పుడు ‘సున్నా’ అని రాయాలి. ఆ సున్నా కూడా సమాచారమే. ఏమీ కనబడలేదని కాగితం ఖాళీగా వదిలేసినవాడు ఆ రోజు డీజిల్‌ను వృథా చేసినట్టే. తిరిగొచ్చాక లాప్‌టాప్ ముందు ఇంకో పని. వందల ఫొటోల్లో వీపురెక్కల అంచుల మీది గాట్లు పోల్చి, నిన్నటి డాల్ఫిన్, ఇవాళ్టిది ఒకటేనా అని తేల్చాలి. ఒడిశాలోని చిలికా సరస్సులో ఉన్న ఐరావడి డాల్ఫిన్లు సుమారు 150. అంత చిన్న గుంపులో ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెడితే మొత్తం అంచనాయే తప్పుతుంది.

ఇందులో తెలుగువాళ్లకు ఓ అనుకూలత ఉంది. డాల్ఫిన్ ఎప్పుడు, ఏ వలలో, ఎంత లోతులో చిక్కిందో తెలిసింది మత్స్యకారులకే. కానీ చెబితే కేసవుతుందేమోనన్న భయం వాళ్లది. తిమింగలాలు, డాల్ఫిన్లు చట్టంలోని షెడ్యూల్-1 జీవులు మరి. ఆ భయం పోగొట్టి మాట రాబట్టడం ఇంగ్లిష్‌లో అచ్చేసిన ప్రశ్నల పత్రంతో అయ్యే పని కాదు. శ్రీకాకుళం యాసలో ‘ఏటి బాబాయ్, ఈసారి వేట ఎలాగుంది?’ అని మొదలుపెట్టగలిగినవాళ్లు కావాలి. మనవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు వలస వెళ్తున్నారు కాబట్టి, మీ మాటకు అక్కడా విలువ ఉంది.

ఇక చేదు నిజం. జీతం లేని పని అందరికీ ఒకేలా పడదు. ఆరు నెలలు ఇంటి డబ్బుతో గడపగల కుర్రాడికి అది అనుభవం. అప్పు చేసి డిగ్రీ చదివించిన వేటకారి కూతురికి అది మూసిన తలుపు. సముద్రం గురించి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్లే ఈ రంగంలోకి రాలేకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. విదేశాల్లోనైతే కొన్నిచోట్ల వలంటీరే ఎదురు డబ్బు కట్టాలి. అది శిక్షణ కాదు, పర్యటన. ఆ సొమ్ము కోసం అప్పు మాత్రం చేయకండి.

అందుకే మొహమాటం లేకుండా అడగండి. తిండి, బస ఎవరిది? పడవలో లైఫ్ జాకెట్ ఇస్తారా, బీమా ఉందా? అమ్మాయిలకు వేరే బస ఉందా? నేను సేకరించిన డేటాతో పేపర్ రాస్తే నా పేరు ఎక్కడుంటుంది? అటవీ శాఖ అనుమతి ఉందా? చివరిది మరీ ముఖ్యం.. అనుమతి లేని పనిలో చిక్కితే నష్టం మీకే. జవాబులు తిన్నగా రాకపోతే వదిలేయండి. రెండు మూడు నెలలకు మించి ఉచితంగా చేయొద్దని నా సలహా. అప్పటికి జీపీఎస్, డేటాషీట్, ఫొటోలతో గుర్తుపట్టడం వచ్చేస్తాయి. తర్వాత కూడా ఉచితంగా చేయమంటే మీరు నేర్చుకుంటున్నట్టు కాదు, ఓ ఉద్యోగి పనిని జీతం లేకుండా చేస్తున్నట్టు. పక్కనే నెట్‌కో, గేట్‌కో చదవండి. ఆ అర్హతతో ప్రభుత్వ ప్రాజెక్టులో జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరితే నెలకు రూ.37 వేలు, పైన ఇంటి అద్దె భత్యం.

ఎవరి పిలుపూ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా అనే వేదిక, దేశమంతా కనబడిన, ఒడ్డుకొచ్చిన సముద్ర క్షీరదాల వివరాలను ఒకచోట చేరుస్తోంది. సామాన్యులూ సమాచారం పంపొచ్చు. తీరాన కళేబరం కనబడితే ముందు అటవీ శాఖకు చెప్పండి. పక్కన ఏదైనా కొలత పెట్టి, తల నుంచి తోక దాకా ఫొటోలు తీయండి. తేదీ, చోటు రాసుకోండి. ఒట్టి చేతుల్తో తాకొద్దు, రోగాలు అంటొచ్చు. పన్నో ఎముకో గుర్తుగా తెచ్చుకుంటే అది నేరం. ప్రాణంతో ఉంటే తోక పట్టి లాగొద్దు. నీడ చేసి, ఒంటిమీద తడిగుడ్డ కప్పి, తలపై ఉండే ఊపిరి రంధ్రంలోకి నీళ్లు, ఇసుక పోకుండా చూస్తూ, చుట్టూ చేరిన జనాన్ని వెనక్కి పంపండి.