చేతులు ఖాళీ లేవు... మరి క్లిక్ ఎలా?

బిర్యానీ తింటుంటే ఫోన్ మోగితే ఏం చేస్తాం? ఎడమ చేత్తోనో, అదీ కుదరకపోతే ముక్కుతోనో స్క్రీన్ జరుపుతాం. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కి ఆ చాన్స్ కూడా లేదు. స్టెరైల్ కాని మౌస్‌ని ముట్టుకుంటే గ్లౌజులు మార్చాల్సిందే. అందుకే స్కాన్ చూడాలంటే పక్కవాళ్లకి 'నెక్స్ట్... కాదు, ముందుది' అని చెప్పించుకోవాలి.

ఇప్పుడా స్కాన్ కళ్లద్దాల్లోకే వచ్చేసింది. వెన్నెముక సర్జరీల కోసం ఆగ్‌మెడిక్స్ సంస్థ చేసిన ఎక్స్‌విజన్ హెడ్‌సెట్‌కి 2019 చివర్లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. 2020లో జాన్స్ హాప్కిన్స్ సర్జన్లు దాన్ని పేషెంట్ సర్జరీలో వాడారు. సీటీ స్కాన్‌లోని ఎముక, స్క్రూ వెళ్లే దారి కళ్ల ముందే కనిపిస్తాయి. తల తిప్పి మానిటర్ వైపు చూడక్కర్లేదు.

బాగానే ఉంది. మరి ఆ బొమ్మని పెద్దది చేయాలన్నా, తీసేయాలన్నా ఎలా?

చేతి సైగలంటే, చేతుల్లో పరికరాలున్నాయి. మాటతో అంటే హోలోలెన్స్ 2 లాంటివి వింటాయి. కానీ నోటికి మాస్కు, పక్కన సక్షన్ మోత, మెషీన్ల బీప్‌లు. పైగా నర్సుతో అన్న మాటని కమాండ్ అనుకుంటే కష్టం. కాలితో అంటే, కాటరీ పెడల్ అప్పటికే అక్కడుంది. చూడకుండా తొక్కేటప్పుడు ఏది ఏదో తేడా తెలియాలి.

ఇక చూపు. కంటిపాప ఎటు తిరిగితే అటు కర్సర్. వినడానికి సూపర్! కానీ మనం చూసేవన్నీ నొక్కాలనుకోం కదా. చూసిందల్లా క్లిక్ అయిపోతే వరమే శాపమవుతుంది, భస్మాసురుడి కథలాగా. ఇంజినీర్లు దీన్ని 'మైడాస్ టచ్' సమస్య అంటారు.

అందుకే రెండిటినీ కలపడం మేలు. చూపుతో ఎంచుకోవాలి, మాటతోనో పెడల్‌తోనో ఓకే చెప్పాలి. అన్నిటికన్నా తేలిగ్గా అందాల్సింది మాత్రం బొమ్మని మాయం చేసే కమాండ్. ఉన్నట్టుండి రక్తం చిమ్మితే, సర్జన్ చూడాల్సింది గ్రాఫిక్స్‌ని కాదు, గాయాన్ని. ఒక దారి పనిచేయకపోతే ఇంకో దారి ఉండాలి.

ఫుడ్ యాప్‌లో తప్పు క్లిక్ పడితే క్యాన్సిల్ కొట్టేస్తాం. ఇక్కడ టేబుల్ మీద మనిషి ఉన్నాడు. కాబట్టి ఈసారి ఇలాంటి డెమో వీడియో కనిపిస్తే ఎన్ని ఫీచర్లున్నాయో లెక్కపెట్టొద్దు. మాట తప్పుగా వింటే అదేం చేస్తుందో, ఎంత త్వరగా ఆపొచ్చో చూడండి.